గరుకు కాగితం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గరుకు కాగితం గారికి,

నమస్కారాలు. మీరు కులాసాగానే ఉన్నారని తెలుసు. మేము మాత్రం నిన్న మధ్యాహ్నం నుంచి మోకాళ్ల మీదే ఉన్నాం.

పాత ఇల్లు, కిటికీల రంగులో సీసం అనే విషం ఉంది, పెచ్చు ఒకటి ల్యాబుకు పంపి మరీ తెలుసుకున్నాం అని పెయింటర్‌కు మూడుసార్లు చెప్పాను. "నీళ్లు చల్లి, వాటర్ పేపర్‌తోనే గీకుతానండీ, టెన్షన్ పడకండి" అన్నాడు. గంటలో బయటికెళ్లి వచ్చేసరికి మెట్ల దగ్గరే మీ గాత్రం వినిపించింది. పొడిపొడిగా, గర్‌గర్‌మని.

ఇదేంటయ్యా అంటే, "తడిపితే ఆరేదాకా ఆగాలి కదండీ!" అన్నాడు. ఎముకల్లో చేరిన సీసం దశాబ్దాలు కదలదు. ఈయనకు ఒక్క పూట ఆగే తీరిక లేదు. పైగా దుమ్ము పోవాలని ఫ్యాన్ వేశాడు. పోయింది, పక్క గదిలోకి. మిగిలిన కాస్తా చీపురుతో ఊడ్చి మళ్లీ గాల్లోకి లేపాడు.

చీపురు గారికి విడిగా రాస్తాను. రంగును కాల్చి ఊడదీసే బ్లో లాంప్ గారికీ ఓ ఉత్తరం బాకీ ఉంది, ఆయన సీసాన్ని ఏకంగా పొగ చేసి ముక్కుకు అందిస్తారు. సీసపు గొట్టాల నీళ్లు మరగబెడితే సరిపోతుందన్న పక్కింటాయనకు ఒక్క ముక్క: మరిగితే తగ్గేది నీళ్లే, సీసం కాదు.

నా గొడవంతా మీతోనే. మీరు గీకిన చోట పొరలన్నీ బయటపడ్డాయి. పైన తెలుపు, దాని కింద గోధుమ, ఆ కింద లేతాకుపచ్చ, అట్టడుగున పాత దంతం రంగు. నా అనుమానం ఆ అడుగు పొర మీదే. ఒకప్పుడు తెల్లరంగంటే సీసపు తెలుపే మరి, గట్టిగా పట్టుకుంటుందని పేరు. చెక్కుచెదరని గోడ మీదైతే దాన్ని కదపకుండా పైన ఇంకో రంగు కప్పేస్తే పడుకునేది. చిక్కంతా కిటికీలతోనే. తెరిచి మూసిన ప్రతిసారీ ఒరుసుకుని పొడి రాలుస్తాయి. అందుకే కదా బాగు చేయించబోయాం! అవి ఏళ్ల తరబడి రాల్చేది మీరు గంటలో రాల్చారు.

కొత్త సంగతేం కాదిది. 1786లో అమెరికా నేత, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ సీసం చేసే చేటు గురించి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, పనికొచ్చే నిజం తెలిశాక కూడా జనం పాటించడానికి ఎంతకాలం పడుతుందో చూడమన్నాడు. ఇళ్ల లోపల సీసపు తెలుపు పూయడాన్ని అడ్డుకునే అంతర్జాతీయ ఒప్పందం 1921లోనే వచ్చింది. నీకింకా కబురందలేదు.

అవును, "నీకు" అనే అన్నాను. మర్యాద ఇంతవరకే.

కిటికీ గట్టు మా చిన్నదాని నోటి ఎత్తులో ఉంటుంది. మునివేళ్ల మీద నిలబడి బయటికి చూస్తూ దాన్ని కొరుకుతుంది. చెక్క మీద బియ్యపు గింజలంత పంటిగాట్లు నాలుగున్నాయి. నిన్న ఆ నాలుగింట్లో నీ పొడి కూరుకుని ఉంది. పుల్లకు తడిబట్ట చుట్టి తీశాను. మింగిన సీసంలో చాలావరకు పెద్దవాళ్ల ఒంట్లోంచి బయటికి పోతుంది. పిల్లల ఒళ్లు కాల్షియం అనుకుని సగం దాకా లోపలికి తీసుకుంటుంది. ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దే లేదు. రేపు పొద్దున్నే దానికి రక్తపరీక్ష. సూదంటే దానికి హడల్. గుచ్చాల్సింది నీకురా!

దాన్ని అమ్మమ్మ దగ్గరికి పంపేసి, సబ్బునీళ్ల బకెట్ ఒకటి, మంచినీళ్లది ఒకటి పెట్టుకుని కూర్చున్నాం. తుడవడం, ముంచడం, పిండడం. మూడోసారి కూడా బట్ట బూడిదరంగులోనే వచ్చింది. బొమ్మలన్నీ కడిగాం. దుప్పట్లు దులపకుండా చుట్టి విడిగా నానబెట్టాం. మురికి నీళ్లు మొక్కలకు పోయకుండా టాయిలెట్లో పారబోశాం.

రాత్రి పది దాటాక కిటికీ గాడిలో నీ ముక్క ఒకటి దొరికింది, నాలుగు మడతలు పెట్టింది. బకెట్లో వేశాను. కాసేపటికి ఇసుకంతా ఊడి అడుక్కి దిగింది, కాగితం మెత్తబడి చేతిలోనే చిరిగిపోయింది. నీళ్లంటే నీకెందుకంత పడదో అప్పుడర్థమైంది.

ఇట్లు,
రెండు బకెట్ల మనిషి