కౌంటు తప్ప కబుర్లు లేవు

కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ అమలాపురం బస్సులో యానాం వంతెన దాటుతూ తిరిగాను. పక్క సీట్లో క్లాస్‌మేట్ అమ్మాయి. "ల్యాబ్ రికార్డు రాశావా?" అని ఉంటే చాలు, గంట కబుర్లు నడిచుండేవి. అడగడానికి నాకే ధైర్యం చాల్లేదు. ఇంకా టైముందిలే అనుకున్నాను. ఏం టైము, నా మొహం!

ఇప్పుడు భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఉద్యోగం. పొద్దున లేస్తే చెరువులు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, రైతులు. రొయ్యలు కిలోకి 30 తూగితే 30 కౌంటు, 50 తూగితే 50 కౌంటు. దాని మీద ఎంతసేపైనా మాట్లాడతాను. అమ్మాయితో మాట్లాడే సందర్భమే రాదు. డేటింగ్ యాప్ పెట్టుకుంటే దగ్గర్లో కనిపించిన మొదటి ఫొటో మా పిన్ని కూతురిది! సంక్రాంతికి ఎదురుపడితే ఇద్దరం తలలు తిప్పుకున్నాం. పోనీ ఎవరితోనైనా సెంటర్లో టీ తాగుదామంటే, గ్లాసు ఖాళీ అయ్యేలోపు కబురు మా ఇంటికి చేరుతుంది.

ఇక మిగిలింది పెళ్లిళ్ల పేరయ్యగారే. కొబ్బరితోట ఎన్ని ఎకరాలు, జీతమెంత, హైదరాబాద్ మారతాడా? అన్నీ అడిగారు, నాకెలాంటి అమ్మాయి కావాలో తప్ప. నిన్న ఫోన్ చేసి, అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి వస్తే పిల్లని చూపిస్తానన్నారు.

"కాసేపు మాట్లాడొచ్చాండీ?"

"మాటలెందుకు బాబూ, చూసుకుంటే చాలదా?"