గుంటూరుకో హీలియం సెంటర్

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని అమరిల్లోలో ఆకాశంలోకి లేచిన స్టీలు స్తంభాల కట్టడం ఒకటుంది. హీలియం జాడ తెలిసి వందేళ్లయిందని 1968లో నిలబెట్టారు. 25, 50, 100, 1000 ఏళ్లకు ఒక్కోటి చొప్పున తెరవాలని స్తంభాల్లో ఆనాటి వస్తువులు దాచారు. అక్కడి గ్యాస్ బావుల్లో హీలియం పుష్కలం కాబట్టి వాళ్లకు ఆ ముచ్చట. ఆ వందేళ్ల లెక్క మొదలైంది మాత్రం మన గుంటూరు గ్రహణంతో.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో ఓ ఫ్రెంచి వర్తకుడి ఇంట మకాం పెట్టారు. టెనెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందమూ ఇక్కడే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో కాచుకున్నారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలలను జాన్సెన్ స్పెక్ట్రోస్కోపులో, అంటే కాంతిని రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరంలో, చూశారు. గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనిపించాలి కదా అని తట్టింది. మర్నాడే గురిపెట్టి చూశారు, కనిపించాయి! సూర్యుడి జ్వాలలను చదవడానికి గ్రహణాల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే బాధ అక్కడితో తీరింది. గుంటూరు గర్వపడాల్సింది ముందు దీనికే.

అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండు నుంచి ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ కూడా గ్రహణం లేకుండానే జ్వాలలను పట్టారు. వాటి కాంతిలోని పసుపు గీత సోడియంది కాదని తేల్చిందీ ఆయనే. ఆ గీత హీలియంది. భూమ్మీద హీలియంను రసాయన శాస్త్రవేత్త రామ్సే వెలికితీసింది 1895లో. కాబట్టి ‘హీలియం పుట్టిల్లు గుంటూరు’ అని చెక్కిస్తే చప్పట్లు పడతాయి గానీ చరిత్ర ఒప్పుకోదు.

నగరంలో జనం తిరిగే చోట ఒక హీలియం సెంటర్ కట్టాలని మేం కోరుతున్నాం. విగ్రహం వద్దు, వాటికి మనకేం కొదవ లేదు. ఒక సోడియం దీపం, ఒక హీలియం ట్యూబు, వాటి ముందు స్పెక్ట్రోస్కోపు చాలు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, హీలియం గీత 587.6 దగ్గర పడతాయి. ఆ కాస్త ఎడమే ఒక కొత్త మూలకాన్ని పట్టించింది. బడిపిల్లలు దాన్ని కళ్లారా చూడాలి.

రిబ్బన్ కత్తిరించాక తాళం పడే ప్రమాదం ఉంది గనుక నిర్వహణను కాలేజీల ఫిజిక్సు శాఖలకు అప్పగించాలి. శిలాఫలకం మీద రఘునాథాచారి పేరు ఉండాలి, మంత్రుల పేర్లు లేకపోయినా ఫర్వాలేదు. నగరపాలక సంస్థ వచ్చే ఆగస్టు 18 నాటికి స్థలమైనా ఖరారు చేయాలి.