చిత్తు కాగితాలట!

ఇప్పుడే ఇంటికి వచ్చాను. అన్నం తినబుద్ధి కావడం లేదు. మన విశాఖలోనే ఒక పాత ఉపాధ్యాయ శిక్షణ కళాశాల, పేరు చెప్పను, స్టోరు గది ఖాళీ చేసి పాత రిజిస్టర్లూ రికార్డులూ అన్నీ తూకానికి అమ్మేసింది. కొత్త కుర్చీలకు చోటు కావాలట. పోయినవాటి జాబితా అయినా ఉందా అని అడిగితే, ‘చిత్తు కాగితాలకు జాబితా ఎందుకు మేడమ్?’ అన్నారు ఆఫీసులో.

ఆ స్టోరు గది బీరువాలో ఏమున్నాయో నేను ఇంతకు ముందు చూశాను. ప్రవేశ రిజిస్టర్లు, హాస్టల్ మెస్ లెక్కలు, సాహిత్య సంఘం సమావేశాల పుస్తకాలు. అన్నిటికన్నా విలువైనవి ఛాత్రోపాధ్యాయుల, అంటే శిక్షణలో ఉన్న టీచర్ల, పాఠ్యపథకాల రికార్డులు. ఆ రోజు ఏ పాఠం, పిల్లలను ఏ ప్రశ్నలు అడగాలి, నల్లబల్ల మీద ఏమి రాయాలి, అన్నీ ఒక పక్క. తరగతి వెనక బెంచీలో కూర్చుని చూసిన లెక్చరరు ఎర్ర సిరాతో రాసిన చీవాట్లు ఇంకో పక్క. భయపడుతూ మొదటిసారి తరగతిలో అడుగుపెట్టిన ఒక ఇరవై ఏళ్ల మనిషి ఆ పేజీల్లో కనిపిస్తాడు. ఏ ప్రభుత్వ నివేదికలో దొరుకుతాడు ఆ మనిషి?

ఇంకో మాట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడిలో ఏ తెలుగు నేర్పాలన్న పోరాటం మన ఉత్తరాంధ్రలోనే రాజుకుంది. వాడుక భాష వైపు నిలిచినవాళ్లు వీళ్లు: పాఠశాలల ఇన్‌స్పెక్టర్ యేట్స్, ఇక్కడి ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడిలో గిడుగు, విజయనగరంలో గురజాడ. ఏటా ఆగస్టు 29న గిడుగు ఫొటోకు దండ వేస్తాం. మరి ఆ తర్వాతి తరాల్లో మామూలు బడిపంతులు తరగతిలో నిజంగా ఏ తెలుగు మాట్లాడాడు? గ్రాంథికమా, వాడుక భాషా? చెప్పగలిగేవి ఇలాంటి రికార్డులే. వాటిని తక్కెడలో పెట్టారు.

సెప్టెంబరు 5 వస్తే మళ్లీ మనమే ఉపన్యాసాలు ఇస్తాం. రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరని ఛాతీ విరుచుకుని చెబుతాం. ఆయనా మద్రాసులోని సైదాపేట టీచర్స్ కాలేజీలో శిక్షణ పొందినవారే. రాజమండ్రిలో 1894 నుంచీ శిక్షణ కళాశాల ఉంది. ఇంత పాత వృత్తి విద్య మనది. అందులో చదువుకున్నవాళ్లు ఏమి తిన్నారు, ఏమి వాదించుకున్నారు, ఏ ఊరి నుంచి వచ్చారు అంటే చూపించడానికి కాగితం లేదు.

ఎక్కడ అడిగినా ఒకటే జవాబు: హుద్‌హుద్‌లో పోయాయండీ! 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఈ ఊరిని ఎంత చితక్కొట్టిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా ఇంటి పైకప్పూ పోయింది. కానీ ఈ కాగితాలు తుపానునూ సముద్రపు గాలినీ చెదలనూ తట్టుకుని బతికాయి. కుర్చీల చేతిలో చచ్చాయి.

మా అమ్మ కూడా శిక్షణ పొందిన టీచరే. ఆమె పింఛను కాగితాల కోసం తిరిగినప్పుడు సర్వీసు రిజిస్టరులో ఒక్క తేదీ తేడా ఉందని నెలల తరబడి తిప్పారు. అప్పుడు కాగితం దేవుడు. సంతకం లేకపోతే మనిషే లేనట్టు. అదే మనిషి చదువుకున్న రోజుల కాగితం అయితే మాత్రం చెత్త. ఉపాధ్యాయుల నుంచి డబ్బు రాబట్టడానికో, వాళ్లకు డబ్బు ఎగ్గొట్టడానికో పనికొస్తేనే దాస్తారా? ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గదు కూడా.

మీ ఇళ్లలో తాతగారిదో అమ్మమ్మదో బి.ఇడి. రికార్డు, హాస్టల్ గ్రూపు ఫొటో, కాలేజీ పత్రిక ఉంటే దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి. లామినేషన్ అసలే చేయించకండి, కాగితం పాడైపోతుంది. ప్రతి పేజీ ఫోనుతో ఫొటో తీయండి. ఫొటోల వెనక ఎవరు ఎవరో పెన్సిలుతో రాయండి, గుర్తుపట్టేవాళ్లు బతికి ఉండగానే.