సవరణ: డైవింగ్ చేసిన రోజే విమానం ఎక్కరాదు

అండమాన్ దీవుల్లో ఒక కుటుంబం నడుపుతున్న సర్ఫింగ్, డైవింగ్ విడిది గురించి ఒడిశాలోని బరంపురం తెలుగువారి కోసం మొన్న ఇచ్చిన వివరాల్లో, ఉదయం డైవింగ్ ముగించుకొని మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) విమానం అందుకోవచ్చునన్న వాక్యాన్ని తొలగించడమైనది. నీటి అడుగున అధిక ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోను, కణజాలంలోను కరిగి, పైకి వచ్చాక గంటల తరబడి నెమ్మదిగా బయటికి పోతుంది. ఆలోపే విమానం ఎక్కితే, లోపల గాలి ఒత్తిడి తగ్గి, మిగిలిన నత్రజని బుడగలు కట్టి కీళ్ల నొప్పులు మొదలు పక్షవాతం దాకా తేవచ్చు. ఒకసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగాలన్నది సాధారణ నియమం. మణికట్టుకు కట్టే డైవ్ కంప్యూటర్లలో చాలావాటి తెరపై ఆ గడువు తీరేదాకా చిన్న విమానం బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. బరంపురం దగ్గరి గోపాలపురం తీరపు అలల్లో ఈదిన ధీమా ఇక్కడ అక్కరకు రాదు. సర్ఫింగ్ నీటిపైనే సాగుతుంది గనుక దానికి ఈ నిబంధన లేదు. చివరి రోజును దానికే కేటాయించుకోగలరు.