రికార్డు బుక్కు గారికి, ఒక ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ విద్యార్థి రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ రికార్డు బుక్కు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం, నా సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీకు బ్రౌన్ అట్ట, దాని మీద ప్లాస్టిక్ కవరు, లేబుల్ మీద ముత్యాల్లాంటి అక్షరాలు. నా ఆప్రాన్‌కి మాత్రం ఉతుకు పడి మూడు వారాలైంది.

మన పరిచయం ఫస్టియర్ హిస్టాలజీలో, అంటే కణజాలాల్ని మైక్రోస్కోపులో చూసి బొమ్మలు వేసే క్లాసులో. న్యూక్లియస్‌కి ఊదా, సైటోప్లాజానికి గులాబీ అన్నారు, రెండు కొసలా రెండు రంగులున్న హెచ్ అండ్ ఈ పెన్సిల్ కొనుక్కున్నాను. థైరాయిడ్ దగ్గరే గులాబీ మొన సగం అరిగిపోయింది. దసరాకి ఇంటికెళ్లి వరండాలో కూర్చుని కిడ్నీకి రంగులేస్తుంటే అమ్మ కాసేపు చూసి, "డాక్టర్ చదువంటే ఇదా నాన్నా, మీ చెల్లి కూడా ఇవే వేస్తోంది, దానిది నయంగా ఉంది" అంది. నిజమే, నయంగానే ఉంది. తర్వాతి నాలుగు బొమ్మలు చెల్లే వేసింది.

ఆ తర్వాత ఫిజియాలజీలో కప్ప. జంతువులతో చేసే ఆ ప్రయోగాలకి బదులు కంప్యూటర్ చాలని మెడికల్ కౌన్సిల్ 2014లోనే చెప్పింది కాబట్టి నేను కప్పని కోయలేదు, కనీసం పలకరించలేదు. దాని గ్రాఫులు మాత్రం మీకు సమర్పించాను. కప్ప కాలి కండరం ఒకసారి ముడుచుకుని వదులవడానికి పట్టేది సెకనులో పదోవంతు. దాన్ని స్కేలు పెట్టి, మార్జిన్ కొట్టి మీలోకి ఎక్కించేసరికి నాకు రాత్రి ఒంటిగంట దాటింది. ఇదంతా "ఫలానా విద్యార్థి స్వయంగా చేసిన పని" అని మీ మొదటి పేజీలోనే సర్టిఫికెట్ ఉంటుంది చూడండి, అది చదివినప్పుడల్లా మీ మీద గౌరవం పెరుగుతుంది.

2019లో కొత్త సిలబస్ వచ్చి లాగ్‌బుక్ అని, నేర్చుకున్న పనులు నమోదు చేసే తమ్ముడిని కూడా మీకు ఇచ్చింది. ఇద్దరికీ సంతకాలు కావాలి. సారు క్లాసులో ఉంటే డిపార్ట్‌మెంట్‌లో దొరకరు, డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే ఓపీలో ఉన్నారంటారు, ఓపీకి పరిగెత్తితే ఇప్పుడే వెళ్లారమ్మా అంటారు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం అటెండెన్స్ కావాలి కదా, మీ సంతకం కోసం మెట్ల మీద నిలబడ్డ గంటల్ని ఎవరైనా అందులో కలిపితే బాగుండు.

అసలు చెప్పదలచుకున్నది మీలో రాసే రోగుల కేసుల గురించి. మీలో ఒకాయన ఉన్నాడు, 45 ఏళ్లు, వ్యవసాయ కూలీ, ఇరవై ఏళ్లుగా బీడీలు, రెండు నెలలుగా కడుపునొప్పి. మా సీనియర్ రికార్డులోనూ ఆయనే, ఆయన సీనియర్ రికార్డులోనూ ఆయనే. ఎన్ని బ్యాచులు పాసైపోయినా ఆయనకి 46 రాలేదు, నొప్పి మూడో నెలలో పడలేదు, బీపీ 130/80 నుంచి కదల్లేదు. నేనూ దించాను. సారు పేజీ పూర్తిగా తిప్పకుండానే సంతకం పెట్టారు.

మొన్న వార్డులో నిజంగానే ఒకాయన దొరికాడు. ఆటో నడుపుతాడట. నొప్పి ఎప్పట్నుంచి అని అడిగితే "సంక్రాంతికి ముందు" అన్నాడు, భార్య "కాదు, మా అన్న కూతురి పెళ్లికి కూడా బాగానే తిన్నావుగా" అంది, ఇద్దరూ ఆ పెళ్లి తేదీ మీద తగువు పడ్డారు. అరగంట అక్కడే ఉన్నాను. పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి గట్టిగా పీల్చమంటే లివర్ అంచు వచ్చి వేలికి తగిలింది. మూడేళ్లలో మొదటిసారి. ఆ రాత్రి నిద్ర మానుకుని, విన్నది విన్నట్టు మీలో రాశాను.

సారు చూసి రాసింది ఇదీ: "ఎన్ని నెలలో స్పష్టంగా లేదు. కొట్టివేతలు. రిపీట్."

మీ మీద నాకు కోపం లేదండీ, కాగితానికేం తెలుసు. కాకపోతే ఆ పెళ్లి తేదీ రాసుకోవడానికి మీలో కాస్త చోటుంటే చూడగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
రోల్ నంబర్ 87

తా.క.: ఇప్పుడే జూనియర్ ఒకడు తలుపు కొట్టి, "అన్నా, నీ మెడిసిన్ రికార్డు ఒక్క రాత్రికి ఇస్తావా" అన్నాడు. ఇచ్చాను. ఆటో ఆయన పేజీలు వదిలెయ్యమని, 45 ఏళ్లాయన్ని దించుకోమని చెప్పాను.