దుర్యోధనుడికి కాస్త రెస్ట్ ఇద్దాం

ఇక్కడ విదేశంలో మన తెలుగు సంఘం స్టేజి మీద ఏకపాత్రాభినయం అంటే దుర్యోధనుడే, కాదంటే అల్లూరి సీతారామరాజు. అట్టతో చేసిన గద, అతికించిన మీసం, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన డైలాగు, పిల్లాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాడు, మనం చప్పట్లు కొడతాం, వీడియో ఆ రాత్రికే ఇండియాలో తాతగారి వాట్సాప్‌కి వెళ్ళిపోతుంది. బావుంటుంది, కాదనను. కానీ స్టేజి దిగాక "దుర్యోధనుడికి అంత కోపం ఎందుకొచ్చిందిరా" అని అడిగి చూడండి, వాడు వాళ్ళమ్మ వైపు చూస్తాడు.

ఇదే పిల్లలు ఇక్కడి స్కూల్లో ఒక నవల చదివి, అందులో తమకి నచ్చిన పాత్ర తామే అయిపోయి, సొంతంగా ఓ పేజీ రాసుకుని క్లాసు ముందు నిలబడి మాట్లాడేస్తున్నారు. మరి తెలుగు దగ్గరికొచ్చేసరికి వాళ్ళ నోట్లో మనం మాటలు కుక్కడం దేనికి?

తెలుగులోనూ వాళ్ళనే పాత్ర అయిపోయి రాసుకోనిద్దాం, గురజాడ వారి కన్యాశుల్కం నాటకంతో మొదలుపెడదాం అంటాను. గిరీశం, మధురవాణి మనకి బాగా తెలుసు, మరి సుబ్బి? తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఆ చిన్నపిల్లని 1800 రూపాయలకి ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చేద్దామనుకున్నాడు, తల్లి నూతిలో దూకింది, మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేయించి ఆ ముసలాడికి కట్టబెట్టాడు. నాటకంలో అంత గొడవా ఈ పిల్ల పెళ్ళి గురించే, పిల్ల మనసులో ఏముందో మాత్రం ఎవరూ అడగరు. రాసుకోడానికి ఇంతకంటే చోటు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

మా వీకెండ్ క్లాసులో కథ చెప్పి సుబ్బిలా రాయమంటే ఒకమ్మాయి తండ్రిని వదిలేసి నేరుగా మహేశంతో మాట్లాడింది: "నా బదులు నువ్వు పెళ్ళికూతురివి అయ్యావు కదా, ఎలా ఉంది? భయమేసిందా? నీకైతే పారిపోడానికి కుదిరింది." ఇంకో చిచ్చరపిడుగు "నాన్నా, 1800 లో నా షేర్ ఎంత?" అంది. వత్తులు తప్పాయి, మధ్యలో ఇంగ్లీషు దొర్లింది, అయినా ఆ మాటలు ఎవరూ రాసివ్వలేదు, అది మొహంలో తెలిసిపోతుంది.

ఇలా చేస్తే భాష పాడైపోతుందని పెద్దవాళ్ళు కొందరు అంటున్నారు. 1897 లో ఈ నాటకం అచ్చయినప్పుడు గురజాడ వారు ముందుమాట ఇంగ్లీషులో రాసి, నాటకాన్ని మాత్రం జనం మాట్లాడే తెలుగులో నడిపించారు. వాడుక భాషలో సాహిత్యమేంటని అప్పుడూ అన్నవాళ్ళున్నారు లెండి. పద్యాలు నేర్పొద్దని నేననట్లేదు, దుర్యోధనుడినీ పంపేయక్కర్లేదు, కావాలంటే ఆయన మయసభలో జారిపడ్డ రోజు రాత్రి నిద్రపట్టక ఏమనుకున్నాడో పిల్లల్నే రాయమనండి. అల్లరి పిల్లలకైతే మొక్కపాటి వారి నవల్లోని బారిస్టర్ పార్వతీశం ఇవ్వండి, మొగల్తూరు నుంచి బయల్దేరి ఇంగ్లండ్ చేరినాయన, అమ్మానాన్నల మొదటి విమాన ప్రయాణం కథలు ఇంట్లో ఉండనే ఉన్నాయి.

ఒక్కటి, దీన్ని పోటీ మాత్రం చెయ్యకండి, ఫస్ట్ ప్రైజ్ అంటే పేరెంట్సే కూర్చుని రాసేస్తారు. కాగితం చేతిలో పట్టుకోనివ్వండి, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు చాలు. వచ్చే ఉగాదికి టైము లేదంటారా, సినిమా డాన్సుల్లో ఒకటి తీసేస్తే వస్తుంది, ఏది తీయాలో మాత్రం నన్నడక్కండి, ఆ తిట్లేవో కల్చరల్ కమిటీ వాళ్ళే తినాలి.