వాట్లు చూసి సౌండ్‌బార్ కొనమనే మెసేజ్‌లో నిజమెంత?

కొత్త టీవీ కొనేవాళ్ల కోసమంటూ ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి ఐదే ముక్కలు. 4కె కన్నా 8కె ఎప్పుడూ మేలు. ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే రంగులు బాగా వస్తాయి. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంచాలి. టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్‌కు, అంటే సౌండ్‌బార్‌కు, వాట్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. బేస్, అంటే లోతైన శబ్దాలు, పలికించే సబ్‌వూఫర్‌ను మూలకు నెట్టేస్తే చాలు. ఈ మాటలు నమ్మినవాళ్లు డబ్బు ఎక్కువ పోసి కూడా, డైలాగులు సరిగా వినపడని టీవీ ముందు కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ఒక్కొక్కదానికీ జవాబు రాస్తున్నాను.

8కె తెర మీద పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, సుమారు 3.3 కోట్లు, 4కె మీద సుమారు 83 లక్షలు. ఆ లెక్క నిజమే. అన్నిటినీ కన్ను విడివిడిగా చూడగలదా అన్నదే ప్రశ్న. చూపు బాగున్న కన్ను డిగ్రీలో 60వ వంతు దాకా తేడా పట్టగలదు. 55 అంగుళాల 4కె టీవీలో ఒక్కో పిక్సెల్ వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని విడిగా గుర్తుపట్టాలంటే తెరకు సుమారు ఒక మీటరు దూరంలో కూర్చోవాలి. సోఫా రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే ఆ సైజులో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ మధ్య తేడా తెలియడమే కష్టం. ఇక 8కె గురించి చెప్పేదేముంది! పైగా 8కెలో దొరికే సినిమాలూ ప్రసారాలూ చాలా అరుదు. కాబట్టి ముందు టేపు పట్టి సోఫా నుంచి గోడ దాకా కొలవండి, సైజు ఆ తర్వాత తేల్చుకోండి. మిగిలే డబ్బు నలుపును నలుపుగా చూపించే ప్యానెల్ మీద పెట్టండి. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. ఎల్‌సీడీలో వెనకనుంచి వెలుగు పడుతుంది. క్యూఎల్ఈడీ అని రాసి ఉన్నా చాలావరకు అదీ ఎల్‌సీడీయే. అందులో లోకల్ డిమ్మింగ్, అంటే వెనక వెలుగును భాగాలుగా తగ్గించే ఏర్పాటు, ఉందో లేదో అడిగి తెలుసుకోండి. డబ్బా మీద హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా ఉండే బొమ్మ) అని ఉంటే ఆ సిగ్నల్‌ను తీసుకుంటుందనే అర్థం. వెలుగు చాలని ప్యానెల్ అయితే దాన్ని ఉన్నదున్నట్టు చూపించలేదు.

కేబుల్ సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సమాచారం. అది సరిగా చేరితే బొమ్మ పూర్తిగా వస్తుంది. చేరకపోతే తెర మీద తెల్ల చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ మధ్యమధ్యలో పోతుంది. రంగులు కొంచెం వెలిసినట్టు రావడం మాత్రం కేబుల్ పని కాదు. 4కె 60 హెర్ట్జ్‌కు, అంటే బొమ్మ సెకనుకు 60 సార్లు మారడానికి, 18 జీబీపీఎస్ (సెకనుకు పంపే గిగాబిట్లు) కేబుల్ చాలు. 4కె 120 హెర్ట్జ్‌లో గేములు ఆడేవాళ్లు 48 జీబీపీఎస్‌కు ధ్రువీకరణ ఉన్నది తీసుకోండి.

వివిడ్ మోడ్ షాపులో దీపాల వెలుతురు మధ్య కంటికి ఆనేలా చేసింది. ఇంట్లో దానివల్ల తెలుపు నీలంగా మారుతుంది, మనుషుల ముఖాలు సహజత్వం కోల్పోతాయి. సినిమాల రంగులు దిద్దేది 6500 కెల్విన్ (తెలుపులో పసుపు, నీలం ఛాయను చెప్పే కొలత) దగ్గరి తెలుపును ఆధారంగా పెట్టుకుని. సినిమా మోడ్ గానీ, 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ దానికి దగ్గరగా ఉంటాయి. మొదట పసుపుగా అనిపిస్తుంది, కొన్నాళ్లు ఓపిక పట్టండి, కన్ను అలవాటు పడుతుంది. సినిమాలు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే టీవీ మధ్యలో తన ఫ్రేములు కల్పించి చేరుస్తుంది, దాంతో సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. క్రికెట్‌కు ఉంచుకుంటే ఉంచుకోండి, సినిమాకు తీసేయండి.

అసలు తంటా వాట్ల దగ్గర వస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు వినిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలి. అంటే 400 వాట్ల సెట్టుకూ 800 వాట్ల సెట్టుకూ మధ్య, మిగతావన్నీ సమానమైతే, తేడా కొంచెమే. పీఎంపీవో (ఒక్క క్షణం మాత్రం వచ్చే గరిష్ఠం) పేరుతో వేసే వేల వాట్లనైతే అసలు లెక్కలోకే తీసుకోవద్దు, ఆగకుండా ఇవ్వగల వాట్లు, అంటే ఆర్ఎంఎస్, ఎంతో అడగండి. స్పీకర్ సెన్సిటివిటీ (అవే వాట్లకు ఎంత శబ్దం ఇస్తుందన్నది) 3 డెసిబెల్స్ ఎక్కువుంటే సగం వాట్లతోనే అదే శబ్దం వస్తుంది. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు ఖర్చయ్యేది కొద్ది వాట్లే.

ఇంట్లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మాటలు అర్థం కావట్లేదని. దానికి మందు వాల్యూమ్ పెంచడం కాదు. పలుచటి టీవీల్లో స్పీకర్లు తరచు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. 5.1 మిక్స్‌లో, అంటే ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ విడగొట్టిన శబ్దంలో, డైలాగులు ఎక్కువగా సెంటర్ ఛానెల్‌లో ఉంటాయి. అందుకే విడిగా సెంటర్ స్పీకర్ ఉన్న మూడు ఛానెళ్ల బార్, అది లేని భారీ వాట్ల బార్ కంటే ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం. బార్‌ను అరలోకి తోసేయకుండా బల్ల ముందు అంచుకు జరపండి. ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకే కలపండి, టీవీ శబ్దాన్ని బార్‌కు పంపేది అదే. డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వచ్చే స్ట్రీమింగ్ అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే శబ్దం), రెండు పరికరాలూ అంగీకరిస్తే, మామూలు ఏఆర్‌సీలోనూ వెళ్తుంది. బ్లూరే డిస్కులోని, నాణ్యత తగ్గని ట్రూహెచ్‌డీ శబ్దం కావాలంటే ఏఆర్‌సీ కొత్త రూపమైన ఈఏఆర్‌సీ ఉండాలి. ఆప్టికల్ తీగలో అట్మాస్ రాదు.

సబ్‌వూఫర్‌ను మూలలో పెడితే బేస్ పెరగడం నిజం. ఆ ముక్క పూర్తిగా అబద్ధం కాదు. కానీ గోడలకు తగిలి వెనక్కొచ్చే అలలు గదిలో ఒకచోట పోగై, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, చాలా గదుల కంటే ఎక్కువ. అందుకే మూలలో పెట్టినప్పుడు ఒక స్వరం మాత్రం గుమ్మంటూ, పక్క స్వరం మాయమవుతుంది. ఒక పని చేయండి. మీరు కూర్చునే చోట సోఫా మీదే సబ్‌వూఫర్ ఉంచి, బేస్ గిటార్ మెట్టుమెట్టుగా దిగే పాటొకటి పెట్టండి. గోడల వెంట నేలకు వంగి, చెవి సబ్‌వూఫర్ ఉండబోయే ఎత్తులో పెట్టి మెల్లగా కదలండి. అన్ని స్వరాలూ సమానంగా వినిపించిన చోట దాన్ని పెట్టండి. క్రాసోవర్‌ను, అంటే ఏ స్వరం నుంచి కింద సబ్‌వూఫర్ పలకాలో తేల్చే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి, బేస్ ఏ వైపునుంచి వస్తోందో తెలియకుండా పోయే వరకు వాల్యూమ్ తగ్గించండి. మగవాళ్ల గొంతు సబ్‌వూఫర్ వైపునుంచి వినిపిస్తుంటే, క్రాసోవర్ ఇంకా కిందికి దించాలి.